అడ్డాకులో అంబలి తేట

కొత్తగా నర్సింగు పాసయిన అమ్మాయిలు నా దగ్గరికొచ్చి, "మీ సర్వీసులో మీరు బతికించిన కేసు ఒకటి చెప్పండమ్మా" అని అడుగుతుంటారు. నేను చెప్పేది మాత్రం నేను బతికించని పిల్ల గురించే. ఆ పిల్ల బతికింది, నిక్షేపంలా బతికింది. అయితే నా వైద్యం వల్ల కాదు, నా మాట వినని ఒక మనిషి వల్ల. ఇది చెప్పుకోడానికి నాకేమీ సిగ్గు లేదు. ఉండాల్సిన సిగ్గంతా అప్పుడే పడ్డాను.

అప్పటికి నేను అరకు లోయ ఆస్పత్రిలో చేరి మూడేళ్లు. గూడెం కొండల వైపు జరిగిన గొడవలు అప్పుడప్పుడే సద్దుమణిగాయి. మన్యం పోస్టింగంటే కింద మైదానంలో ఆఫీసర్లు సైతం సెలవు చీటీ రాసేసేవారు, కొండజ్వరమంటే అంత హడలు. నాకు హడలిపోవడానికి ఎవరూ లేరు. తొమ్మిదేళ్లకి పెళ్లి, పదకొండేళ్లకి బొట్టు తీసేశారు. పట్నం పోయి మంత్రసాని పనీ నర్సు పనీ నేర్చుకున్నాను. ఎక్కడ వేస్తే అక్కడికి పోతానన్నాను, కొండ మీద వేశారు.

ఆస్పత్రి అంటే మీరు పెద్దగా ఊహించుకోకండి. రెండు గదుల పెంకుటిల్లు, ముందు వసారా, వెనక నుయ్యి. డాక్టరుగారు నెలలో సగం రోజులు గుర్రమెక్కి పాడేరు వైపో ఇంకో వైపో కేంపులు పోయేవారు. మిగిలింది నేనూ, కాంపౌండరూ. ఆ కాంపౌండరు మహానుభావుడు. ఎర్ర మందు, తెల్ల మందు, చేదు మందు అని మూడే మందులు ఆయనకి. రోగి వచ్చి ఇంకా జబ్బు చెప్పుకుంటుండగానే సీసా కడగడం మొదలెట్టేవాడు. "చెప్పనీండి బాబూ" అని నేను కసిరితే, "చెప్పమనండి, నా చెవులు ఖాళీయే కదా" అనేవాడు. మంచివాడే. ఆయన నా నోటికి జడిసేవాడు, నిజానికి ఊరంతా జడిసేది.

ఆ నోటితోనే మూడేళ్లూ కొండ ఊళ్లన్నీ తిరిగి ఒకటే మాట చెప్పాను. వాంతులు, విరేచనాలు పట్టుకున్న పిల్లకి చుక్క నీరు పడకూడదు. తాగిందంతా కిందికే పోతుంది కదా, పొయ్యడం మానేస్తే పోవడమూ ఆగుతుంది. నేను నేర్చుకున్న చోట చెప్పిందీ అదే, ఇంట్లో మా అమ్మమ్మ చెప్పిందీ అదే. ఇద్దరూ ఒకే మాట చెప్పాక ఇంక అనుమానమెందుకు? చిల్లికుండలో నీళ్లు పొయ్యకపోతే కారడం ఆగుతుందని అందరికీ తెలుసు. కుండ ఖాళీ అయిపోతుందని మాత్రం నాకు తట్టలేదు.

అది శ్రావణమాసం. లోయంతా ముసురు, వాగుల్లో, గెడ్డల్లో ఎర్రటి కొత్తనీరు. పొద్దున్నే రేంజరుగారు గొడుగైనా లేకుండా తడిసి ముద్దయి ఆస్పత్రి గుమ్మంలోకి వచ్చి నించున్నారు. అడవి రేంజరంటే ఆ రోజుల్లో చిన్న దొర. కబురు పెడితే మేం పరిగెత్తాలి గాని, ఆయన రాకూడదు.

"నర్సమ్మా, పాపకి నిన్న మధ్యాహ్నం నుంచి వాంతులు, విరేచనాలు. ఇవాళ దాని పుట్టినరోజు" అన్నారు. రెండు మాటలూ ఒకదాని వెంట ఒకటి అలాగే అనేశారు పాపం.

ఆ పాప సంగతి నాకు తెలుసు. ఆ ఇల్లాలికి ముందు ముగ్గురు పుట్టి పోయారు, ఒక్కరూ నిండా ఏడాది బతకలేదు. నాలుగోది ఈ పిల్ల. నాలుగు నిండి అయిదో ఏడు వస్తోందని రేంజరుగారి తల్లి, ఆ పెద్దావిడ, ఘాటీ మీద రెండ్రోజులు ఎద్దుబండిలో కుదుపులు తింటూ కొండెక్కి వచ్చింది. పట్టు పరికిణీ తెచ్చింది, పరమాన్నానికి బెల్లం, యాలకులు సైతం మూటగట్టి తెచ్చింది. అంత ఆశ ఉంది ఆ పిల్ల మీద.

నేను వెళ్లేసరికి పాప ముందుగదిలో చాప మీద ఉంది. కళ్లు గుంటలు పడిపోయాయి. పొట్ట మీద చర్మం పట్టి లాగి వదిలితే లాగినట్టే ఉండిపోయింది. నాడి దొరకడానికి రెండు మూడు చోట్ల వెతుక్కోవాల్సి వచ్చింది. ఏడుస్తోంది గాని కంట్లో తడి లేదు. రాత్రి నుంచి ఉచ్చ కూడా పొయ్యలేదంది తల్లి. నేను తెలిసిన మనిషినే, అన్నీ చూశాను. చూసి నేను చేసిన మొదటి పని ఏటో తెలుసా? గదిలో ఉన్న మంచినీళ్ల బిందె బయటికి పంపించేశాను.

పెద్దావిడ మడి చీరలో వంటింటి గడప మీద నించుని, "అమ్మాయ్, తలంటుకి నూనె కాచాను. పుట్టినరోజు నాడు తలంటకపోతే ఎలా?" అంది.

"తలంటితే పిల్ల దక్కదు మామ్మగారూ" అన్నాను. అలాగే అన్నాను, మెత్తగా చెప్పడం నాకు రాదు. ఆవిడ వేలితో చుక్క నూనె తెచ్చి పాప మాడు మీద పెట్టింది.

పాప ఆవిడ వేలు పట్టుకుంది. "మామ్మా, నీళ్లు" అంది.

"ఇవ్వకూడదటమ్మా, జబ్బు తగ్గాక."

"పుట్టినరోజు నాడు ఏది అడిగితే అది ఇస్తానన్నావు కదా. నీళ్లియ్యి."

పెద్దావిడ నా వైపు చూసింది, తల్లీ చూసింది. నేను వద్దని తలాడించాను. ఇన్నేళ్లయింది, ఆ తలాడింపు తలుచుకుంటే నా మెడ ఇప్పటికీ మండుతుంది.

కాంపౌండరు ఇచ్చిన తెల్ల మందు పట్టాను. అయిదు నిమిషాల్లో కక్కేసింది. మళ్లీ పట్టాను, మళ్లీ కక్కింది. ఇంకో మందు కలిపించుకొద్దామని నేనే వానలో ఆస్పత్రికి పరిగెత్తాను. పోతూ పోతూ గుమ్మంలో నిలబడి, చుక్క నీరు పడిందంటే నాది పూచీ లేదు సుమా అని ఒక్క అరుపు అరిచి మరీ పోయాను.

అరగంటలో తిరిగొచ్చాను. చాప ఖాళీ.

రాత్రంతా మేలుకున్న తల్లి గోడకి జారగిలబడి నిద్రపోయింది, ఒళ్లో పట్టు పరికిణీ. పెద్దావిడ వంటింట్లో దేవుడికి నైవేద్యం పెడుతోంది. వెనక వసారాలోకి వెళ్లి చూద్దును కదా, పాప ఒక కొండమనిషి ఒడిలో ఉంది.

ఆ ఇంటికి కట్టెలూ, వాడకం నీళ్లూ తెచ్చే ఆడమనిషి ఆవిడ. నలభై ఏళ్లుంటాయేమో. ముక్కుకి ఇత్తడి కమ్మీలు, చేతులకి మోచేతి దాకా పచ్చబొట్లు. వసారా గడప దాటి ఆవిణ్ని లోపలికి రానిచ్చేవారు కారు. తరవాత తెలిసింది, పాపే బయటికి పంపేసిన బిందె వెతుక్కుంటూ పాక్కుంటూ పాక్కుంటూ ఆ గడప దాకా వెళ్లిందట. ఆవిడ ఎత్తుకుంది.

ఆవిడ చేతిలో విస్తళ్లు కుట్టే అడ్డాకు మడిచి చేసిన చిన్న గరాటు. పక్కన ఆనపకాయ బుర్రలో చోడి అంబలి, అదే రాగి అంబలి, ఆవిడ మధ్యాహ్నం తినడానికి తెచ్చుకున్న కూడు. దాన్ని కదపకుండా ఉంచి పైన తేరిన తేట తీసి, ఉప్పు రాయి వేసి, ఆ ఆకు కొన నుంచి పాప నోట్లో ఒక చుక్క వదులుతోంది. ఆగుతోంది. మళ్లీ చుక్క.

నాకు కోపమొస్తే పట్నం మాటలన్నీ ఎగిరిపోయి మా ఊరి మాటలొచ్చేస్తాయి. "ఏటే, ఏటి సేత్తన్నావే? గుంటని సంపేత్తావా?" అని ఆ చేతి మీద ఒక్కటి కొట్టాను. ఆకు ఎగిరి వసారా కింద బురదలో పడింది.

పాప గుక్కపట్టి ఏడ్చింది. లోపల్నుంచి పెద్దావిడ కేకేసింది, "అయ్యో, ఇవాళ దాన్ని ఏడిపించకండే, పుట్టినరోజు!" అని.

నేను ఆ పిల్ల ముఖం వైపు చూశాను. కంటి కొసన నీరు నిలిచింది. కొంచెమే, ఆవగింజంత. నిలిచి, జారింది. పొద్దున్న నుంచి ఎంత ఏడ్చినా రాని కన్నీరు ఇప్పుడు వచ్చింది.

అమ్మాయిలూ, నేను దేవుణ్ని చూశానని ఎప్పుడూ చెప్పుకోలేదు. కాని ఆ నీటిచుక్క చూసినప్పుడు నా ఒళ్లు జలదరించింది. ఎండిపోయిన పిల్ల ఒంట్లోకి నీరు వచ్చి చేరుతోంది. నేను వద్దన్న నీరు.

కొండమనిషి నన్ను తిట్టలేదు, కనీసం నా వైపు చూడనైనా లేదు. చూరులో దోపుకున్న ఇంకో అడ్డాకు తీసి మడుస్తూ, "అరవకు నర్సమ్మా. అరిత్తే గుంట జడుసుకుంటాది. కక్కీసుద్ది" అంది.

అప్పటికి పెద్దావిడ వచ్చింది. బుర్ర చూసింది, ఆకు చూసింది, ఎవరి ఒడిలో ఉందో చూసింది. "రామ రామ, దాని చేతి అంబలా? పుట్టినరోజు నాడా? అమ్మాయ్, నువ్వు చూస్తూ ఊరుకున్నావా?"

ఇంక నేను తేల్చుకోవాలి. పొయ్యనిస్తే, ఆ పిల్ల పోతే, నోట్లో ఆ అంబలితోనే పోతుంది. ముగ్గుర్ని పోగొట్టుకున్న తల్లికి జవాబు చెప్పాల్సింది నేను. నా ఉద్యోగమూ అక్కడితో సరి. ఆపేస్తే నా తప్పని ఎవరూ అనరు. నేను కూర్చుని పాప మణికట్టు పట్టుకున్నాను. నాడి పొద్దుటి కన్నా తొందరగా చిక్కింది.

"పొయ్యనివ్వండి మామ్మగారూ. నేను చెప్పిందే తప్పు" అన్నాను. ఆ ఇంట్లో ఎవరూ నా నోట అలాటి మాట వినలేదు. నేనూ వినలేదు.

ఆవిడ చెంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. వద్దని మాత్రం అనలేదు.

ఆ రోజు నేను చూసిందాన్ని మీకెలా చెప్పాలో తెలీదు. ఆవిడ కాళ్లు చాపి, పాప తల మోచేతి మీద పెట్టుకుని కూర్చుంది. ఒక చుక్క వదిలి తన ఊపిరి పది సార్లు తీసుకుంటుంది. మళ్లీ చుక్క. పాప కక్కితే తుడుస్తుంది, ఇంకాస్త ఎక్కువసేపు ఆగుతుంది, మళ్లీ మొదటి చుక్క నుంచి మొదలెడుతుంది. విసుగు లేదు, కంగారు లేదు, అయ్యో అన్న మాట లేదు. చూరు నుంచి వాననీళ్లు ధారగా పడుతున్నాయి. ఆ మనిషి మాత్రం ఒక్కొక్క చుక్కే వదులుతోంది. మధ్యాహ్నం తినాల్సిన కూడు ఆ పిల్లకే ఉంచేసింది, తను నోట్లో ఏమీ వేసుకోలేదు. కాళ్లు తిమ్మిరెక్కుంటాయని నేను, "నువ్వు లే, కాసేపు నేనిస్తాను" అన్నాను.

ఇచ్చింది. నేను పాసయిన నర్సుని కదా, చుక్కలు పొయ్యడం ఓ విద్యా! రెండు చుక్కలు ఆగి పోశాను. పిల్ల ఆత్రంగా నోరు తెరుస్తుంటే జాలేసి మూడోసారి ఆకు వంచేశాను. గుటకేసింది. నాకు ఎంతో తృప్తి. అంతే, గంటసేపటి నుంచి లోపలికెళ్లిందంతా నా చీర మీద కక్కేసింది.

"బేగి బేగి పోసీకు నర్సమ్మా. దాని కడుపు అలిసిపోయుంది" అంటూ ఆవిడ పాపని మళ్లీ తీసుకుంది. మొదటి చుక్క నుంచి మొదలెట్టింది. నేను నా చీర కడుక్కుని వచ్చి, ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చుని చూస్తూ నేర్చుకున్నాను. పట్నంలో రెండేళ్లు నేర్చుకున్నాను గాని, అంత శ్రద్ధగా ఎప్పుడూ నేర్చుకోలేదు.

మూడు గంటల వేళకి వాంతులు ఆగాయి. విరేచనాలు ఇంకా అవుతున్నాయి, కాని పాప కళ్లు మనుషుల్ని చూడటం మొదలెట్టాయి. తల్లి లేచి వచ్చి గడప ఇవతల కూర్చుని పాప పాదాలు పట్టుకుంది, ఇంక వదల్లేదు. రేంజరుగారు ముందు వసారాలో తిరిగి తిరిగి నాలుగడుగుల మేర నేల తొక్కేశారు.

పొద్దు వాలుతుండగా బుర్ర ఖాళీ అయింది. కొత్తగా జావ కాయడానికి కొండమనిషి లేవాలి. పాపని నాకివ్వబోయింది. నా పనితనం ఒకసారి చూశాం కదా, నేను కొంచెం వెనకాడాను. ఈలోగా పెద్దావిడ గడప దాటి వచ్చి, ఆ మడి చీరతోనే తడి నేల మీద చతికిలబడి, "ఇలా ఇయ్యి" అని చేతులు చాపింది.

ఇద్దరాడవాళ్లూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. పాప ఆ ఒడిలోంచి ఈ ఒడిలోకి వచ్చింది. అడుగున మిగిలిన నాలుగు చుక్కలూ ఆ అడ్డాకుతోనే పెద్దావిడ తన చేత్తో పోసింది. పది ఊపిర్లు లెక్కపెట్టి మరీ పోసింది. పొద్దున్నించీ వంటింట్లోంచి అన్నీ గమనిస్తూనే ఉందన్నమాట.

ఉన్నట్టుండి ఆవిడ కొయ్యబారిపోయింది. "నర్సమ్మా" అంది, "నా ఒళ్లో వెచ్చగా... తడి తగులుతోందే!"

చూద్దును కదా, ఉచ్చ! రాత్రి నుంచి పొయ్యని పిల్ల ఆవిడ మడి చీర నిండా పోసేసింది. "కదలకండి మామ్మగారూ, కదలకండి, పొయ్యనివ్వండి!" అని నేను అరుస్తున్నాను. ఆవిడ ఎక్కడ కదిలితే ఆగిపోతుందో అన్నట్టు ఊపిరి బిగబట్టి కూర్చుంది. కళ్లమ్మట నీళ్లు ధారాపాతంగా కారుతున్నాయి, నవ్వుతోంది. సరిగ్గా అప్పుడే మా కాంపౌండరు ఎర్ర మందు పట్టుకొచ్చాడు. సంగతి విని, ఆ సీసా పట్టుకునే చేతులు జోడించి దణ్ణం పెట్టాడు. ఎవరికి పెట్టాడో అడిగే తీరిక మాకు లేదు.

పాప పరికిణీ వైపు వేలు చూపించి, "అది వేస్తారా?" అంది. అప్పుడు తెలిసింది నాకు, పిల్ల దక్కిందని.

పరికిణీ కట్టలేదు, దుప్పటిలా కప్పారు. పెద్దావిడ ఆ తడి చీరతోనే అక్షింతల పళ్లెం తెచ్చింది. కొడుకు వేశాడు, కోడలు వేసింది, నన్నూ వెయ్యమంది. తరవాత పొయ్యి దగ్గరున్న కొండమనిషిని పిలిచి, పసుపు కలిపిన ఆ బియ్యం ఆవిడ దోసిట్లో పోసింది. ఆవిడ అవి ఎందుకో తెలీక తిప్పి తిప్పి చూసి, "ఇవి గుంటకి జావలో ఎయ్యాలా? పచ్చగా ఉన్నాయేటి?" అంది.

"కాదే తల్లీ, దాని నెత్తిన వేసి నూరేళ్లు బతకమను."

"బతుకుతాది. రెండ్రోజులు నేనిచ్చినట్టే ఇయ్యండి, బతుకుతాది" అని, వేసింది.

ఇంటికి పోతున్న కొండమనిషిని మెట్ల దగ్గర పట్టుకుని, ఇదంతా నీకెవరు నేర్పారని అడిగాను. కొండ మందో, వాళ్ల పెద్దల రహస్యమో చెబుతుందనుకున్నాను.

"ఎవురు నేర్పుతారు? నాకు ముగ్గురు పుట్టినారు. మొదటి గుంటడికి ఇలాగే అయితే మీ ఆస్పత్రికే మోసుకొచ్చినాం. అప్పుడు నువ్వు లేవు, ఇంకో అమ్మ ఉండీది. నీళ్లు ఇవ్వొద్దంది. ఇవ్వనేదు. నీళ్లు నీళ్లు అనుకుంటానే పోనాడు. రెండోదానికీ ఇవ్వనేదు, అదీ పోనాది. మూడోదానికి వొచ్చినప్పుడు, ఎలాగా పోతాది కదా, దాహం తీరి పోనీ అని పోసీసినాను."

"తరవాత?"

"పోనేదు" అంది ఆవిడ. కావిడి భుజాన వేసుకుని వానలోకి దిగిపోయింది.

కేంపు నుంచి వచ్చిన డాక్టరుగారు అంతా విని, మొదట్లో పట్టిన తెల్ల మందు ఆలస్యంగా పనిచేసి ఉంటుందన్నారు. నేను వాదించలేదు. ఆయన్ని రెండ్రోజులు సెలవడిగాను. తరవాత ఆదివారాలు కూడా వాడుకున్నాను. మూడేళ్లలో నేను నీళ్లు ఆపించిన ఇళ్లన్నీ నాకు గుర్తున్నాయి. ఒక్కో ఊరూ ఎక్కి, ఒక్కో గుమ్మంలో నిలబడి, నేను చెప్పింది తప్పు, నీళ్లు పొయ్యండి, అంబలి తేట పొయ్యండి, ఇలా చుక్క చుక్కగా పొయ్యండి అని అడ్డాకు మడిచి చూపించాను.

ఒక కొండ కొసన ఒక ఇల్లుంది. అంతకు ముందటి ఏడు ఆ ఇంట్లో రెండేళ్ల గుంటడు పోయాడు. నీళ్లు ఇవ్వొద్దని నేనే చెప్పాను, తల్లి ఇవ్వలేదు. నేను చెప్పిన మాట తు.చ. తప్పకుండా పాటించింది. ఆవిడ ముందు నిలబడి, నేను చెప్పింది తప్పని ఎలాగో చెప్పేశాను. కొడుతుందనుకున్నాను, కొట్టాలనే కోరుకున్నాను.

ఆవిడ లోపలికి పోయింది. చేతిలో నీళ్ల బుర్రతో వచ్చింది.

"ఎక్కి వొచ్చినావు కదా" అంది. "తాగు."